గడప నుంచి పెరటి తలుపు దాకా

పోయిన వారం తేని ఊరికి బస్సు సీటు కోసం ఫోనులో నా పేరు కొట్టాను. ముందు మా అప్ప, అంటే నాన్న, పేరులోని మొదటి అక్షరం, పక్కన చుక్క, ఆ తర్వాత నా పేరు. డెబ్బై ఆరేళ్ళుగా నేను అంతే. కింద ఎర్రగా ఒక వరస వచ్చింది: ‘సరైన పేరు ఇవ్వండి’. చుక్క తీసేశాను. ఇంటిపేరు గడి ఖాళీగా ఉందంది. ఆ గడిలో అప్ప అక్షరం పెట్టాను. కనీసం మూడక్షరాలు ఉండాలంది. విసుగెత్తి అప్ప పేరు మొత్తం పెట్టాను. ఒప్పుకుంది. చనిపోయి నలభై ఏళ్ళయిన మా అప్పా నేనూ ఇప్పుడు ఒకే టికెట్టు మీద, ఒకే కిటికీ సీట్లో తేనికి పోతున్నాం.

సరైన పేరు ఇవ్వాలట! ఎవడు వీడు? నాకు పేరు పెట్టిననాడు ఉయ్యాల దగ్గర నిలబడ్డాడా?

ఇలాంటి కోపం వచ్చినప్పుడు ఇంతకుముందు నాకు పోవడానికి ఒక చోటు ఉండేది. సింగానల్లూరులో, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అతికే దుకాణం మీద ఒక మేడగది. ఇరవై రెండు మెట్లు. ఎక్కి, ఆయాసం తీరకముందే తిట్టడం మొదలుపెట్టేవాణ్ణి. అక్కడ కంప్యూటరు ముందున్న మనిషి నా తిట్లన్నీ పూర్తిగా విని, ముక్కు ఒకసారి ఎగబీల్చి, “ఏ ఫారం మామా? చూపీండి” అనేది. ఆమె పోయి రెండేళ్ళు. ఐప్పసి నెల వానల్లో పోయింది. ఇప్పుడు కోపం వస్తే ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతున్నాను. మా కోడలు, “కాలు నొప్పి అంటారు, మళ్ళా ఈ నడక ఏంటికి?” అంటుంది. ఏమని చెప్పేది?

ఆమె పేరు ఇక్కడ రాయను. ప్రతి గోడా ప్రతి గాజు పలకా మనిషిని పట్టుకుని పేరు పేరు అని అడిగే కాలంలో ఒక్కరినైనా అడక్కుండా లోపలికి రానిద్దాం.

మా కోయంబత్తూరు మిల్లుల్లో ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కునేవాళ్ళు. కొంగు మెషిన్లో పడకూడదు, దూది ఒంటికి అంటకూడదు. ఈమె ఏ మిల్లులోనూ ఒక్క షిఫ్టు చేయలేదు. అయినా కంప్యూటరు ముందు కూర్చునే ముందు, వాళ్ళమ్మ వదిలిపోయిన నీలం చొక్కాని చుడీదారు మీద తొడుక్కుని, బొత్తాలు మెడ దాకా పెట్టుకునేది. పని అయ్యాక విప్పి మేకుకి తగిలించేది.

“ఈడ దూది యాడుంది పాపా?” అని ఒకసారి అడిగాను.

“ఉండాది మామా. కండ్లకు కనపడదు, అంతే” అంది.

ఆమె పని ఏమిటంటే, ఫారాల్లో మనం కొట్టే మాటలు సరిగ్గా ఉన్నాయా లేదా అని కంప్యూటరు చూసుకోవడానికి నమూనా వరసలు రాయడం. పేరుకి ఒక వరస, ఫోన్ నంబరుకి ఒకటి, లోపలికి పోవడానికి మనం పెట్టుకునే గుర్తుపేరుకి ఒకటి. దాన్ని ఆ పనివాళ్ళు రెజెక్స్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు కోడి బురదలో నడిచిపోయినట్టు అనిపించింది నాకు. నేను మిల్లులో ఫిట్టర్ని. తమిళ బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఇంగ్లీషు మెషిన్లతో వచ్చే పుస్తకాల్లో నేర్చుకున్నాను, తెలుగు అక్షరాలు ముప్పై దాటాక గుంటూరు లారీ డ్రైవరు ఒకడి దగ్గర నేర్చుకున్నాను. తెలియనిది కనపడితే వదలను, అది నా జబ్బు. చెప్పమని పట్టుబట్టాను.

“ఈ టోపీ గుర్తు గడప మామా. ఈ డాలరు గుర్తు పెరటి తలుపు. గడప నుంచి పెరటి తలుపు దాకా మొత్తం చూడాల. రెండూ పెట్టకుంటే కంప్యూటరు నడవాలో నిలబడి ఒక మంచి అక్షరాన్ని చూసి, ఇల్లంతా మంచిదే అనుకుంటాది.”

“ఈ ప్రశ్న గుర్తు?”

“చుట్టం. వస్తే రానీ, రాకుంటే పోనీ.”

“చుక్క?”

“చుక్క అంటే ఎవురైనా. దొర కావచ్చు, దొంగ కావచ్చు. దానికి ముందర ఒక ఏటవాలు గీత గీస్తేనే అది సుమ్మా, ఉత్త చుక్క అవుతాది. మీ పేర్లో ఉండే చుక్క.”

నాకు వెంటనే అర్థమైంది. “అయితే ఇది గేజి పాపా. మేము ఇరుసు చేసి గేజిలో పెట్టి చూస్తాము. పోతే సరి, పోకుంటే తిరిగి రాపిడి.”

ఆమె కుర్చీ తిప్పి నన్ను చూసింది. “ఇనుముని రాపిడి పెట్టొచ్చు మామా. పేరుని ఏమి చేస్తారు?”

ఆ మాట నచ్చి నేను మా యూనియన్ మీటింగుల్లో కూడా కొట్టనంత గట్టిగా బల్ల మీద కొట్టాను. కీబోర్డు ఎగిరింది. ఆమె దాన్ని సర్దుకుని, “కొట్టింది చాలు, టీ చెప్పండి” అంది.

ఆమె దగ్గర ఒక పాత పొడుగు నోటు పుస్తకం ఉండేది. మెట్లెక్కి వచ్చిన ఎవరినైనా, కొరియర్ తెచ్చినవాణ్ణి కూడా, ముందు కూర్చోబెట్టి అడిగేది: “మీ పేరు చెప్పండి. మీ అప్ప పేరు. మీకు తెలిసినవాళ్ళలో అన్నింటికన్నా చిన్న పేరు ఏది? పెద్ద పేరు ఏది?” అవన్నీ రాసుకునేది. రెండే అక్షరాల మనిషి, ఐదు పేర్లు కలిపి పెట్టుకున్న ముసలావిడ, మిల్లు హాస్టల్లో ఉండే ఝార్ఖండ్ పిల్ల — ఆ పిల్లకి ముందూ వెనకా ఏమీ లేదు, ఒక్క పేరే. కొత్త వరస రాసినప్పుడల్లా ఆ పుస్తకంలోని పేర్లన్నీ దానికి కొట్టి చూసేది. ఒక్కటి ఆగినా వరస చెరిపేసేది.

“మెడ్రాసులో కూర్చునేవాడు ‘లాస్ట్ నేమ్’ అంటాడు. మా అమ్మకి ఉండేది ఫస్టూ లాస్టూ అదొకటే” అనేది. వాళ్ళమ్మ మాట వస్తే ముక్కు మళ్ళీ ఎగబీల్చేది. ఆ వాడుక జలుబు వల్ల కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వాళ్ళమ్మ సంగతి చెప్పాలంటే మిల్లు సంగతి చెప్పాలి. మా వైపు వాళ్ళకి కారమడై రంగన్ ఇలవేల్పు. మొదటి కాన్పు ఆయనది. మగపిల్లవాడైతే రంగసామి, ఆడపిల్లయితే రంగమ్మాళ్. ఇందులో చర్చ లేదు. ఆ రంగసామి కూతురు మళ్ళీ రంగమ్మాళే. అందుకని మా మిల్లులో, నూలు వడికే ఒకే రింగ్ ఫ్రేమ్ విభాగంలో, తొమ్మిది మంది రంగమ్మాళ్‌లు ఉండేవాళ్ళు. అందరికీ అప్ప పేరు రంగసామే. అందరికీ ముందు అదే అక్షరం, అదే చుక్క. టైమ్ కీపరుకి తల తిరిగిపోయి, మొదటావిణ్ణి ఊరికే రంగమ్మాళ్ అని వదిలి, మిగతావాళ్ళ కార్డుల మీద పేరు పక్కనే అంకె వేశాడు. రంగమ్మాళ్ 2, రంగమ్మాళ్ 3, అలా తొమ్మిది దాకా. అతను పోయాడు, ఆ అంకెలు పోలేదు. ఈమె వాళ్ళమ్మ రంగమ్మాళ్ 4.

ఈమె ఆరో తరగతిలో ఉండగా ఏదో ఉచిత పుస్తకాల కోసం అమ్మ మిల్లు కార్డు బడికి పట్టుకుపోయింది. వాధ్యారు పిల్లలందరి ముందూ అంకెతో సహా చదివాడు. ఆ ఏడాదంతా బడిలో ఈమె పేరు ‘నాలు’, అరవంలో నాలుగు. నాలుగో కూతురా, నాలుగు కాళ్ళా అని పాటలు. ఒకడి నెత్తి మీద జామెట్రీ డబ్బాతో కొట్టింది. రక్తం వచ్చింది. వాళ్ళమ్మ బడికి వచ్చి క్షమాపణ చెప్పుకుంది. ఇది ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, కంప్యూటరు తెర వైపే చూస్తూ.

చివరి రోజుల్లో ఆమెకి ఇంకో వింత అలవాటు ఉండేది. తను రాసిన ఫారం ఎవరినైనా వెనక్కి పంపితే, ఆ కొట్టిన మాట ఆమె దగ్గర ఒక పట్టీలో చేరాలి, అడిగి ఇచ్చిన ఫోన్ నంబరుతో సహా. సాయంత్రం ఆ పట్టీ పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసేది. “అన్నా, పొద్దున మా ఫారం మీ పేరు వద్దనింది కదా. మీ పేరు తప్పు కాదు, ఫారం తప్పు. ఇంకోమాటు కొట్టండి.” అవతలివాళ్ళు ఇది ఏదో బ్యాంకు మోసం అనుకుని తిట్టి పెట్టేసేవాళ్ళు. మళ్ళీ చేసేది. ఆ పని చేయించుకున్న కంపెనీ కుర్రాళ్ళు ఈమెకి పిచ్చి అనేవాళ్ళు. పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిచ్చిలో నా వాటా ఉంది.

మా మిల్లు మూతపడింది. యజమానులు కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. మిల్లు వాళ్ళది, ఒళ్ళు మాది, భాష ఇద్దరిదీ. పెద్దాయన మనవడు ఒక మంచి మాట అన్నాడు: మిల్లు కట్టించిన లైన్ ఇళ్ళల్లో ఇప్పటికీ కాపురం ఉంటున్న పాత కార్మికులకి ఎవరి ఇల్లు వాళ్ళకి రాసిచ్చేస్తాము. మిగిలిన భూమి అమ్ముతాము. ఇరవై రోజుల్లోగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పేరు మిల్లు కార్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. చేసుకోనివాళ్ళు ఖాళీ చేయాలి.

ఆ ఫారం తయారుచేసే పని ఈమెకి వచ్చింది. ఈమె పొంగిపోయింది. “మా అమ్మ మిల్లు మామా! దీంట్లో ఒగరిని కూడా గడప బయట నిలబెట్టను” అంది. నోటు పుస్తకం తీసింది. చుక్క ఉండొచ్చు, లేకపోవచ్చు. ఒక్క పేరే ఉండొచ్చు. రెండక్షరాలైనా సరే. నేను పక్కన కూర్చుని టీ తాగుతూ తల ఊపుతున్నాను. చివరికి ఆమె చేయి ఆగింది.

“మామా, అంకె?”

ఆమె ఏమి అడుగుతోందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. మిల్లు కార్డులు మా ఇద్దరి కళ్ళ ముందూ ఉన్నాయి.

“మనిషి పేర్లో అంకె ఏంది పాపా? మనమేమన్నా టౌన్ బస్సులమా?” అన్నాను నేను. ఆ మాట బాగా వచ్చిందని సంతోషం కూడా పడ్డాను. “టైమ్ కీపరు చేసిన అవమానాన్ని ఇంకో వందేండ్లు నువ్వు మోస్తావా? తీసిపారెయ్. పేరు మాత్రం కొడతారు, ఏమి తక్కువయ్యేది!”

ఆమె నవ్వింది. అంత నిండుగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. “ఆమాం మామా, నిజమే. పోనీ శని” అంది. గడపకీ పెరటి తలుపుకీ నడుమ అక్షరం, చుక్క, ఖాళీ — ఈ మూడింటికే చోటిచ్చింది.

రెండు రోజుల తర్వాత మిల్లు ఆఫీసు నుంచి ఫోన్. ఒకే పేరు రెండుసార్లు రాకుండా చూడమన్నారు, ఒకరే రెండు ఇళ్ళు కొట్టేస్తారని వాళ్ళ భయం. అదీ పెట్టింది. విడివిడిగా చూస్తే రెండూ న్యాయమైన నియమాలే.

పదహారో రోజు నాగమ్మాళ్ 3 మెట్లెక్కి వచ్చింది. నూలు చుట్టే కోన్ వైండింగులో పనిచేసిన మనిషి. మెషిన్ల మోతలో ముప్పై ఏళ్ళు మాట్లాడిన గొంతు, మామూలుగా మాట్లాడినా కింద టైర్ల దుకాణం వాళ్ళు తల పైకెత్తుతారు.

“ఎవురే ఆ ఫారం చేసిన మహారాణి? నువ్వేనా?”

“కూసోండి అక్కా. ఏమాయె?”

“ఏమాయెనా! నా పేరు తప్పంట! బ్రౌజింగ్ సెంటర్లో ఆ మీసాలు రాని నాయాలు చెప్తాడు. నా ముగ్గురు బిడ్డల పెండ్లి పత్రికల్లో లేని తప్పు వీని కంప్యూటర్లో వచ్చిందా? మళ్ళా వాడే మూడు తీసేసి కొట్టినాడు, పోయింది. రేపు కార్డు చూసి వీళ్ళు నువ్వు వేరే నాగమ్మాళ్ అంటే నేను ఎవుర్ని పట్టుకొని ఏడ్చేది?”

“అది నేను ఆఫీసులో చెప్పి రాయిస్తా అక్కా. మూడు తీసేసినా ఏమీ కాదు.”

“నాకు కాదు సరే. మొదటి నాగమ్మాళూ రెండో నాగమ్మాళూ చచ్చి చాలా నాళ్ళాయె, ఆ పేరుకి నేను ఒగతినే. ఎనిమిది సంగతి ఏమి?”

“ఏ ఎనిమిది?”

“రంగమ్మాళ్ ఎనిమిదే! నాలుగుసార్లు పొయ్యింది సెంటరుకి. అంకెతో కొడితే పేరు తప్పంటాది. అంకె తీసి కొడితే ఆ పేరు ముందే ఎక్కిపోయింది అంటాది, పక్క లైన్లో మొదటి రంగమ్మాళ్ ఉంది కదా, ఈడ మిగిలింది వాళ్ళిద్దరే. ఆఫీసులో అడిగితే ఆ గుమాస్తా, ఆన్‌లైన్లో రావాల అత్తా, నా చేతిలో ఏమీ లేదు అన్నాడంట. ఇంక ఇల్లు రాదు అనుకొని, తాళంచెవి వాని బల్ల మీదనే పెట్టి పొయ్యింది, పిచ్చిది. మూడు దినాలాయె.”

ఈమె కంప్యూటరు వైపు తిరిగి, ఫారానికి వచ్చినవన్నీ చూసింది. కిందికి, పైకి, మళ్ళీ కిందికి. అక్కడ ఎనిమిది లేదు. నాలుగుసార్లు వచ్చి వెనక్కి పోయిన మనిషి ఆనవాలు ఒక్క అక్షరం కూడా లేదు.

“ఎట్ల లేకుండా పోతుంది?” అన్నాను.

“తెర మీదనే ఆపేస్తుంది మామా. లోపలికి రాదు. ఎవురు వచ్చి పొయ్యిరో దానికి అక్కర లేదు.” ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది. “వెనక్కి పంపినోళ్ళని రాసిపెట్టుకోమని నేను చెప్పనే లేదు.”

తర్వాత కీబోర్డు లాక్కుని, అక్షరాల పక్కన సున్నా నుంచి తొమ్మిది దాకా చోటిచ్చింది. ఒక్క నిమిషం పట్టింది. అంతే, ఒక్క నిమిషం! నేను గోడ గడియారం చూసి చెప్తున్నాను. నాగమ్మాళ్ ఇంకా ఆయాసం తీర్చుకుంటూనే ఉంది.

ఎనిమిది పొల్లాచ్చి వైపు చెల్లెలి ఊరికి పోయిందని నాగమ్మాళే చెప్పింది. మరునాడు పొద్దున్నే మేమిద్దరం బస్సెక్కాము. గడువు ఇంకా మూడు రోజులుంది. దారంతా ఈమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండుసార్లు, “ఆ మాట నేను అంటిని కదా పాపా, నువ్వు కాదు” అన్నాను. రెండోసారి అన్నప్పుడు, “మీరు అంటిరి. రాసింది నేను” అంది. 

ఎండు కొబ్బరి కళ్ళంలో దొరికింది ఎనిమిది. ఎండలో కూర్చుని చిప్పల్లోంచి కొబ్బరి పెళ్ళగిస్తోంది. చేయి ఆపకుండానే తలెత్తి చూసింది.

“ఎవురు? నాలుగు కూతురా?”

పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకు కనపడింది: ఆ మాటకి ఈమె భుజాలు బిగుసుకుపోయాయి.

“ఆమాం అత్తా.”

“ఇంత దూరం ఏంటికి వస్తివి? ఆ ఫిట్టరన్నని కూడా తోడుకొని?”

“అత్తా, నీ పేరు తప్పనింది కంప్యూటరు కాదు. నేను.”

“నువ్వా? నువ్వు ఏంటికి అంటావు?”

“కంప్యూటరుకి నేర్పింది నేనే. అంకె ఉంటే వద్దను అని నేర్పితిని. మనిషికి నంబరు వేసేది అవమానమని...” అక్కడ ఆగిపోయింది.

ఎనిమిది పలుగు పక్కన పెట్టింది. కాసేపు ఈమె మొహం చూసి నవ్వింది, పళ్ళు లేని నవ్వు.

“అడి పైత్యమా! ఇదేనా సంగతి? ఇదిగో, మిల్లులో రంగమ్మా అని పిలిస్తే తొమ్మిది మందిమి తిరిగి చూస్తుంటిమి. ఎనిమిదీ అంటే నేను ఒగతినే తిరుగుతాను. ఇప్పుడు చెప్పు, ఏది నా పేరు?”

ఈమె కింద పడిన ఒక చిప్ప తీసి కుప్పలో వేసింది.

“నా పెనిమిటి నన్ను పెండ్లికి ముందు చూసింది దూది ఏకే కార్డింగ్ తలుపు కాడ. ‘ఎనిమిదీ, నీళ్ళు ఉంటే ఈయి’ అనినాడు. చచ్చేదాకా ఆ పేరుతోనే పిలిచినాడు. మీ అమ్మ పోయిన దినం నేను మీ ఇంటి వాకిట్లో కూసొని, నాలుగు పోయిందే, మా నాలుగు పోయిందే అని ఏడ్చినా. నీకు జ్ఞాపకం లేదా? రంగమ్మాళ్ పోయిందే అని ఏడిస్తే, ఏ రంగమ్మాళ్ అని అడుగుతారే ఊర్లో!”

ఈమె ఎండలోనే కొబ్బరి చిప్పల మధ్య కూర్చుంది. ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి. తర్వాత ఫోన్ తీసి ఫారం తెరిచింది. ఆ కళ్ళంలో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. నేను ఒక చేత్తో ఎనిమిది మిల్లు కార్డు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకున్నాను. ఈమె ఒక్కొక్క అక్షరమే కార్డు చూసి కొట్టింది. చివర ఖాళీ, తర్వాత ఎనిమిది. పచ్చగా ‘నమోదైంది’ అని వచ్చింది.

“అయిపోయిందా?” అంది ఎనిమిది. “నాలుగుసార్లు చెప్పులు అరిగినట్టు తిరిగితిని. ఇంత దానికా?”

నాకు అక్కడే నోరు పడిపోయి ఉంటే బాగుండేది. “ఇంక నీ ఇల్లు నీకే ఎనిమిదీ, మూట కట్టు” అని నేనే అన్నాను. మధ్యాహ్నం బస్సుకి ముగ్గురం తిరిగి వచ్చాము. ఎనిమిది ఒళ్ళో ఒక గోనె సంచి, అందులో చెల్లెలు పెట్టిన కొబ్బరికాయలు. బస్సంతా కబుర్లు చెప్పింది.

లైన్ మలుపు తిరిగాక ఆమె కబుర్లు ఆగిపోయాయి.

మిల్లు వాళ్ళు, తాళంచెవి ఇచ్చేసిన ఇళ్ళని ఎవరూ ఆక్రమించుకోకుండా వెంటనే కూల్చేస్తున్నారు. ముందు రోజు ఎనిమిది ఇంటి వంతు వచ్చింది. రెండు పక్కల ఇళ్ళూ అలాగే ఉన్నాయి. నడుమ పన్ను పీకినట్టు ఖాళీ. పగిలిన పెంకులు, మొండి గోడ, గోడ మీద ఆమె మొగుడు వేయించిన పచ్చ రంగు. గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. “అత్తా, నువ్వే కదా తాళంచెవి ఇచ్చితివి! నా మీద ఏమి తప్పు?” అన్నాడు. నేను అతణ్ణి అన్న మాటలు అచ్చులో రావు. కానీ ఆ మాటలన్నీ ఎవరికి చెందాలో అంటున్నప్పుడే నాకు తెలుసు.

తర్వాత ఈమె ఆ ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగింది. ఆ నేల ఎనిమిదికే రాయించింది, కాగితం మీద అంకెతో సహా. రేకుల కప్పుతో ఒక గది లేచింది. ఎనిమిది అందులో మూడేళ్ళు బతికింది. ఇవన్నీ నిజమే. ఎవరైనా ఈ కథ విని, పోనీలే, చివరికి ఇల్లు దక్కింది కదా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దక్కింది నేల. ఇల్లు ఎక్కడ దక్కింది?

ఆ సాయంత్రమే నాకు పదే పదే గుర్తుకు వస్తుంది. గుమాస్తా వెళ్ళిపోయాడు. ముగ్గురమే ఉన్నాము. ఈమె వంగి పగలని పెంకు ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. తీసి మొండి గోడకి ఆనించి వరసగా పేర్చడం మొదలుపెట్టింది. నేనూ చేయి వేశాను. ఎనిమిది గోనె సంచి కింద పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఇద్దరినీ చాలాసేపు చూసింది. తర్వాత ఇంట్లో చుట్టాలు అడ్డం తిరుగుతుంటే అనే గొంతుతోనే అంది:

“పాపా, కొంచెం జరుగు. నా పొయ్యి మీద నిలబడి ఉండావు.”

ఆమె కింద చూసుకుంది. చెప్పులు విప్పి చేత పట్టుకుని, పక్కకి జరిగింది.